లాంగ్ ట్రావెల్ సస్పెన్షన్: ఎడారిలో ఎగిరే పికప్.. సోమవారం ఆఫీసుకూ వెళ్లాలంటే ఏమేం మార్చాలి?

దక్షిణ కాలిఫోర్నియా ఎడారి. ఇసుకలో వరుసగా గుంతలు, దిబ్బలు. వాటి మీదుగా ఓ పికప్ ట్రక్ దూసుకొస్తోంది. కింద చక్రాలు పిచ్చెక్కినట్టు పైకీ కిందకీ కొట్టుకుంటున్నాయి. పైన బాడీ మాత్రం పెద్దగా కదలడం లేదు. పది సెకన్ల స్లో మోషన్ క్లిప్ ఇది. ఆఫ్‌రోడింగ్ వీడియోలు చూసేవాళ్ల ఫోన్లలో ఇలాంటివి రోజూ కనిపిస్తూనే ఉంటాయి.

చూసినవాళ్లకు వచ్చే డౌట్ ఒక్కటే. ఆ బండికి ఏం పెట్టారు? సమాధానం లాంగ్ ట్రావెల్ సస్పెన్షన్. అయితే ఆ క్లిప్‌లో కనిపించని సీన్ ఇంకోటి ఉంది. అదే ట్రక్ సోమవారం పొద్దున్నే ఫ్రీవే ఎక్కాలి. గంటకు 65 మైళ్ల స్పీడులో, వెనక సీట్లో పిల్లల్ని కూర్చోబెట్టుకుని స్కూలుకీ, అక్కడి నుంచి ఆఫీసుకీ వెళ్లాలి. వీకెండ్‌లో ఎగరడానికి చేసిన మార్పు సోమవారం ప్రాణం మీదకు రాకూడదంటే బిగించేటప్పుడే కొన్ని లెక్కలు కుదరాలి. అవేంటో చూద్దాం.

ఇది పుట్టింది రేసుల్లోనే

మెక్సికోలోని బాజా కాలిఫోర్నియా ద్వీపకల్పంలో 1967లో ఓ ఎడారి రేసు మొదలైంది. అప్పుడు దాని పేరు మెక్సికన్ 1000. ఇప్పుడు ప్రపంచమంతా బాజా 1000 అని పిలుస్తోంది. రాళ్లు, ఇసుక, ఎండిపోయిన వాగులు.. దారి అనేది పేరుకే. అక్కడ బండి నిలబడాలంటే ఇంజిన్ కంటే ముందు సస్పెన్షన్ గట్టిగా ఉండాలి.

రేసుకు ముందే ఆ దారిని ఒకసారి తిరిగి చూసుకోవడం డ్రైవర్లకు అలవాటు. ఎక్కడ గొయ్యి ఉంది, ఎక్కడ మలుపు ఉంది అని నోట్ చేసుకుంటారు. అందుకోసం వాడే బండినే ప్రీరన్నర్ అంటారు. రేసు కారంత ఖరీదు ఉండదు. నంబర్ ప్లేటు ఉంటుంది, ఏసీ ఉంటుంది, రోడ్డు మీదా నడుస్తుంది. ఈ పేరుకు ఎంత క్రేజ్ వచ్చిందంటే, టయోటా 1998లో తన టకోమా పికప్‌లో ఏకంగా ప్రీరన్నర్ అనే వేరియంట్‌నే తెచ్చింది. ఆ తర్వాత 2010 మోడల్‌గా వచ్చిన ఫోర్డ్ ఎఫ్-150 రాప్టర్ ఇంకో అడుగు ముందుకేసి, ముందు చక్రాలకు 11 అంగుళాలు, వెనక 12 అంగుళాల పైన ట్రావెల్‌ను షోరూమ్ నుంచే ఇచ్చింది.

రాప్టర్ కొనని వాళ్లు ఏం చేస్తారు? ఉన్న బండికే కిట్ తెచ్చి బిగిస్తారు. అమెరికాలో ఇలా మార్పులు చేయించుకునే బండ్లలో టకోమాది ముందు వరస. అందుకే ఈ కథనంలో ఉదాహరణగా దాన్నే తీసుకుందాం. ముఖ్యంగా 2023 దాకా వచ్చిన మూడో తరం టకోమా. ముందు డబుల్ విష్‌బోన్, కాయిల్ స్ప్రింగ్. వెనక కమాన్ పట్టీలు.

ఎత్తు వేరు, ట్రావెల్ వేరు

చాలామంది పొరబడేది ఇక్కడే. బండి ఎత్తుగా కనిపిస్తే లాంగ్ ట్రావెల్ అనుకుంటారు. ఎత్తు పెంచడాన్ని లిఫ్ట్ అంటారు. ట్రావెల్ అంటే చక్రం కింద చివర నుంచి పై చివర వరకు మొత్తం ఎంత దూరం కదలగలదు అన్నది. స్టాక్ టకోమాలో ముందు చక్రం దాదాపు 8 అంగుళాలు కదులుతుంది. లాంగ్ ట్రావెల్ కిట్‌తో అది 12 నుంచి 13 అంగుళాలకు వెళ్తుంది.

మార్కెట్లో తక్కువ ధరకు స్పేసర్ లిఫ్ట్ దొరుకుతుంది. స్ప్రింగ్ పైన ఓ మందపాటి ఇనుప బిళ్ల పెడతారు, అంతే. బండి రెండు మూడు అంగుళాలు లేస్తుంది. ఫొటోలో బాగుంటుంది. కానీ చక్రం కదిలే మొత్తం దూరం అలాగే ఉంటుంది కదా? బండిని పైకి లేపిన మేరకు చక్రం కిందకు దిగాల్సిన దూరం తగ్గిపోతుంది. చిన్న గుంత వచ్చినా చక్రం కింద చివరకు వెళ్లి టక్కున ఆగుతుంది. స్పీడ్ బ్రేకర్ దిగుతుంటే ముందు నుంచి ఠక్ అని శబ్దం వచ్చే లిఫ్టెడ్ బండ్లు కనిపిస్తాయి కదా.. చాలాసార్లు విషయం ఇదే. డబ్బు పెట్టి బండిని పాడుచేసుకున్నట్టు.

పొడవాటి షాక్ ఒక్కటే పెడితే సరిపోదా?

సరిపోదు. ఇంట్లో తలుపును గమనించండి. వెడల్పు తలుపునూ, సన్న తలుపునూ ఒకే కోణంలో తెరిస్తే వెడల్పు తలుపు అంచు ఎక్కువ దూరం తిరుగుతుంది. చక్రాన్ని పట్టుకునే కంట్రోల్ ఆర్మ్ కూడా తలుపు లాంటిదే. ఒక కొస ఛాసిస్‌కు, రెండో కొస చక్రం వైపు. ఆర్మ్ పొడవు పెంచకుండా చక్రాన్ని ఎక్కువ దూరం కదిలించాలంటే కోణం పెంచాలి. కోణం పెరిగితే బాల్ జాయింట్ బిగుసుకుపోతుంది, లేదా ఊడిపోతుంది. ఫ్రీవే మీద బాల్ జాయింట్ ఊడితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

అందుకే అసలైన కిట్‌లో పైనా కిందా ఆర్మ్‌లే కొత్తవి వస్తాయి. పొడవుగా ఉంటాయి. టకోమా కిట్లలో బాగా వినిపించే సైజులు రెండు. ఒక్కో వైపు 2 అంగుళాలు పెరిగేది ఒకటి, మూడున్నర అంగుళాలు పెరిగేది ఇంకొకటి. రెండోది పెడితే రెండు వైపులా కలిపి ముందు భాగం 7 అంగుళాలు వెడల్పు అవుతుంది. ఈ వెడల్పు వల్ల మంచీ ఉంది, చెడూ ఉంది. అది తర్వాత.

ఆర్మ్ పొడవు పెరిగితే మిగతావి కూడా దాని వెనకే మారాలి. స్టీరింగ్ నుంచి చక్రానికి వెళ్లే టై రాడ్ పొడవు కావాలి. బ్రేక్ హోస్ పొడవు కావాలి. ఏబీఎస్ వైరును కొత్త దారిలో కట్టాలి. ఫోర్ వీల్ డ్రైవ్ బండి అయితే ముందు యాక్సిల్ షాఫ్టులు కూడా పొడవైనవి వేయాలి. వాటి చివర ఉండే సీవీ జాయింట్లకు కూడా ఓ కోణం వరకే ఓపిక. ఆ పైన తిప్పితే విరుగుతాయి. ఎడారి ప్రీరన్నర్లలో చాలావరకు టూ వీల్ డ్రైవ్ బండ్లే ఎందుకున్నాయో ఇప్పుడు అర్థమవుతుంది. ముందు యాక్సిలే లేకపోతే విరగడానికి ఏముంటుంది!

టై రాడ్ సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి. చక్రం పైకి కిందకు కదిలేటప్పుడు ఆర్మ్ ఒక వంపులో తిరుగుతుంది. టై రాడ్ కూడా ఒక వంపులో తిరుగుతుంది. ఈ రెండు వంపులూ కలవాలి. కలవకపోతే గుంతలో పడిన ప్రతిసారీ డ్రైవర్ స్టీరింగ్ తిప్పకుండానే చక్రం దానంతట అది కాస్త తిరుగుతుంది. దీన్ని బంప్ స్టీర్ అంటారు. ఇసుకలో పెద్దగా తెలియదు. 65 మైళ్ల స్పీడులో, పక్క లేన్‌లో కంటైనర్ ట్రక్ ఉన్నప్పుడు బాగా తెలుస్తుంది.

స్ప్రింగ్ లెక్క తప్పితే అంతా తప్పినట్టే

షాక్ అబ్జార్బర్‌ను ఆర్మ్ మధ్యలో ఎక్కడో బిగిస్తారు, చక్రం దగ్గర కాదు. కాబట్టి చక్రం కదిలినంత షాక్ కదలదు. ఉదాహరణకు చక్రం 10 అంగుళాలు కదిలితే షాక్ 6 అంగుళాలు కదులుతోంది అనుకుందాం. నిష్పత్తి 0.6. స్ప్రింగ్ బలం అంగుళానికి 600 పౌండ్లు అయితే, చక్రం దగ్గర ఆ బలం 600 ఉండదు. నిష్పత్తిని దానితోనే గుణించి, అంటే 0.36తో లెక్క వేయాలి. వచ్చేది 216 పౌండ్లు.

ఇప్పుడు ఆర్మ్ పొడవు పెంచారు. షాక్ బిగించే చోటు మారలేదు. నిష్పత్తి 0.5కు పడిందనుకుందాం. అదే స్ప్రింగ్ చక్రం దగ్గర 150 పౌండ్లే ఇస్తుంది. బండి ముందుకు వాలిపోతుంది, బ్రేక్ కొడితే ముక్కు నేలకు తగులుతుందా అన్నట్టు వంగుతుంది. పాత ఫీల్ రావాలంటే దాదాపు 860 పౌండ్ల స్ప్రింగ్ కావాలి. ఈ అంకెలు లెక్క చూపించడానికి తీసుకున్నవే, ఏ కిట్‌కి ఎంత అన్నది తయారీదారు చెప్తాడు. కానీ పాత కాయిల్‌ను కొత్త ఆర్మ్‌లతో వాడేద్దాం అనుకునేవాళ్లు ఈ లెక్క ఒకసారి వేసుకోవాలి. ముందు స్టీల్ బంపర్, విన్చ్ పెట్టిన బండికైతే ఆ బరువు కూడా కలపాలి.

షాక్ సైజు కూడా మారేది అందుకే. ఎగుడుదిగుడు దారిలో షాక్ చేసే పని కదలికను వేడిగా మార్చడం. లోపల ఆయిల్ కాగిపోతుంది. చిన్న షాక్ అయితే పది నిమిషాల్లోనే చేతులెత్తేస్తుంది, బండి పడవలా ఊగుతుంది. ఫాక్స్, కింగ్, ఐకాన్ లాంటి బ్రాండ్ల రెండున్నర అంగుళాల షాక్‌లకు పక్కన ఓ చిన్న సిలిండర్ వేలాడుతూ కనిపిస్తుంది చూడండి.. అదే రిజర్వాయర్. అదనపు ఆయిల్, ఒత్తిడితో నింపిన నైట్రోజన్ అందులో ఉంటాయి. నురగ రాకుండా, ఆయిల్ చల్లగా ఉండేలా చూస్తుంది.

బిగించే రోజు

కిట్ డబ్బా విప్పేముందు ఓ హెచ్చరిక. కాయిల్ స్ప్రింగ్‌ను నొక్కి పెట్టి ఉంచితే అందులో మనిషిని చంపేంత శక్తి ఉంటుంది. నాసిరకం స్ప్రింగ్ కంప్రెసర్‌తో ఇంటి ముందు ప్రయోగాలు వద్దు. షాక్ మీదున్న గ్యాస్ వాల్వును తెలియకుండా విప్పొద్దు. బండిని జాకీ మీద వదిలేసి కింద దూరొద్దు, ఛాసిస్ కింద స్టాండ్లు పడాల్సిందే.

పాతవి విప్పడమే సగం పని. టకోమా లోయర్ ఆర్మ్ బోల్టులు తుప్పు పట్టి లోపలి గొట్టానికి అతుక్కుపోవడం మెకానిక్‌లకు బాగా తెలిసిన తలనొప్పి. మంచు పడే రాష్ట్రాల్లో రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. అక్కడ తిరిగిన బండి అయితే రంపంతో కోయాల్సిందే. కొత్త బోల్టులు ముందే తెచ్చిపెట్టుకోకపోతే బండి షెడ్డులో, ఓనర్ క్యాబ్‌లో. రోజూ వాడే బండికి ఇది చిన్న విషయం కాదు. శని, ఆదివారాల్లో అయిపోతుంది అనుకున్న పని తర్వాతి శనివారం దాకా లాగడం మామూలే.

కొత్త ఆర్మ్‌లు ఎక్కించాక అసలు ఘట్టం వస్తుంది. చాలామంది వదిలేసేది కూడా దీన్నే. స్ప్రింగ్ లేకుండా చక్రాన్ని చేత్తో, జాకీతో మొత్తం ట్రావెల్ తిప్పి చూడాలి. సైక్లింగ్ అంటారు. కాయిల్ ఉంటే జాకీతో చివరి వరకు నొక్కలేం, బండే లేచిపోతుంది. అందుకే స్ప్రింగ్ తీసేసిన షాక్ పెట్టి, చక్రాన్ని మెల్లగా పైకి లేపుతూ ఆపుతూ చూస్తారు.

పూర్తిగా పైన ఉన్నప్పుడు టైరు ఎక్కడ తగులుతోంది? మడ్‌గార్డుకా, లోపలి ప్లాస్టిక్‌కా, క్యాబిన్ కింది అతుకుకా? స్టీరింగ్ నేరుగా ఉంచి ఒకసారి, పూర్తిగా ఎడమకు తిప్పి ఒకసారి, కుడికి తిప్పి ఒకసారి చూడాలి. పూర్తిగా కింద ఉన్నప్పుడు బ్రేక్ హోస్ బిగుసుకుంటోందా? ఏబీఎస్ వైరు లాగుతోందా? సీవీ జాయింట్‌ను చేత్తో తిప్పితే సాఫీగా తిరుగుతోందా, పట్టేస్తోందా? ఇవన్నీ షెడ్డులో తెలిస్తే ఓ గంట పని. దారిలో తెలిస్తే బ్రేక్ ఆయిల్ మొత్తం రోడ్డు పాలు.

ఈ పరీక్షలో తేలిన దాన్ని బట్టే రెండు హద్దులు పెడతారు. కిందకు దిగే హద్దుకు లిమిట్ స్ట్రాప్. చూడటానికి లగేజీ కట్టే నవారు బెల్టులాగే ఉంటుంది. చక్రం గాల్లో వేలాడినప్పుడు ఆ బరువు షాక్ మీద, సీవీ మీద పడకుండా ఈ బెల్టు ఆపుతుంది. పైకి వెళ్లే హద్దుకు బంప్ స్టాప్. పెద్ద దెబ్బ తగిలినప్పుడు ఇనుమూ ఇనుమూ కొట్టుకోకుండా ఆపేది ఇదే. ఖరీదైన వాటిలో రబ్బరు బదులు చిన్న హైడ్రాలిక్ షాక్ లాంటిది ఉంటుంది. వేల డాలర్ల షాక్‌లు కొని, వాటితో పోలిస్తే ఎంతో చౌక అయిన ఈ బెల్టు దగ్గర పిసినారితనం చూపించేవాళ్లూ ఉన్నారు. ఆ తర్వాత షాక్ లోపలి నుంచి విరిగిందని కంపెనీని తిడతారు.

ఇంకో చిన్న కిటుకు. ఎక్కడైనా రబ్బరు బుష్‌లు మిగిలి ఉంటే వాటి బోల్టులను బండి గాల్లో ఉన్నప్పుడు ఫైనల్‌గా బిగించకూడదు. బండిని నేల మీదకు దించి, బరువు చక్రాల మీద పడ్డాకే టార్క్ రెంచ్ పట్టాలి. లేకపోతే రబ్బరు ఎప్పుడూ మెలితిరిగే ఉండి త్వరగా చిరుగుతుంది.

వెనక కమాన్‌ల సంగతేంటి?

ముందు పెట్టిన ఖర్చులో కాస్తయినా వెనక పెట్టకపోతే బండి గుర్రంలా ఎగరేస్తుంది. ముందు భాగం గుంతను మింగేస్తే, వెనక భాగం ఎగిరి తంతుంది. స్పీడులో అయితే ఇది ప్రమాదం కూడా. వెనక బంపర్ పైకి లేచి ముక్కు మీద దిగిన పికప్‌ల వీడియోలు చూసే ఉంటారు.

వెనక చేసే పని ముందంత కష్టం కాదు. ఎక్కువ పలుచటి పట్టీలున్న పొడవైన కమాన్ కట్ట, దాని కొసన పొడవాటి షాకిల్, పొడవైన షాక్‌లు. స్టాక్ చోటులో పొడవైన షాక్ పట్టదు కాబట్టి కొందరు ట్రక్ తొట్టిలోకి రంధ్రం చేసి లోపల ఇనుప చట్రం కట్టి షాక్‌లను అందులో నిలబెడతారు. రేసు బండికి బాగుంటుంది. రోజూ కూరగాయలు, పిల్లల సైకిళ్లు, కాస్ట్‌కో సామాన్లు వేసుకునే తొట్టిలో మాత్రం సగం చోటు పోతుంది. కమాన్‌లు మరీ మెత్తగా చేస్తే ట్రెయిలర్ తగిలించగానే వెనక కూలబడుతుంది. లోడు వేయాలా, ఎగరాలా అన్నది ముందే తేల్చుకోవాలి. రెండూ కావాలంటే రెండూ సగం సగమే దక్కుతాయి.

అలైన్‌మెంట్, కెమెరా, రాడార్

పని అయ్యాక మొదట వెళ్లాల్సింది వీల్ అలైన్‌మెంట్‌కి. షెడ్డులో టేపుతో కొలిచింది అక్కడిదాకా నడపడానికే. కొందరు అలైన్‌మెంట్ వాళ్లు ఇలాంటి బండిని చూడగానే చేయమని పంపించేస్తారు కూడా. టై రాడ్లు, ఆర్మ్‌లు స్టాక్‌వి కావు కాబట్టి కిట్ తయారీదారు ఇచ్చిన అంకెలు చేతిలో పెట్టుకుని, ఆఫ్‌రోడ్ బండ్లు అలవాటున్న షాపుకు వెళ్లడం మేలు.

ఆ తర్వాత ఎలక్ట్రానిక్స్. అమెరికాలో 2012 మోడల్ నుంచి ఇలాంటి బండ్లన్నింటికీ ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్ తప్పనిసరి. బండి జారుతుంటే ఒక్కో చక్రానికి విడిగా బ్రేక్ వేసి నిలబెట్టే సిస్టమ్ ఇది. స్టీరింగ్ ఎటు తిరిగి ఉందో సెన్సర్ చెప్పే దాని మీదే అది నడుస్తుంది. అలైన్‌మెంట్ తర్వాత దానికి కొత్త సున్నా నేర్పించాలి. 2018 నుంచి టకోమాలో అద్దం వెనక కెమెరా, గ్రిల్‌లో రాడార్ స్టాండర్డ్‌గా వస్తున్నాయి. బండి ముక్కు లేచిందంటే రాడార్ చూపు కూడా లేచినట్టే. ముందున్న కారును కనిపెట్టి బ్రేక్ వేయాల్సిన సిస్టమ్ ఆకాశం వైపు చూస్తుంటే ఎలా? హెడ్‌లైట్ల కోణం సరే సరి. ఎదురుగా వచ్చేవాడి కళ్లలో కొట్టకుండా కిందకు దించాలి.

రోజూ నడిపితే ఎలా ఉంటుంది?

ఇక్కడ ఆశ్చర్యపోయే విషయం ఒకటి. సరిగ్గా ట్యూన్ చేసిన లాంగ్ ట్రావెల్ బండి పాడైపోయిన సిటీ రోడ్డు మీద స్టాక్ బండి కంటే మెత్తగా వెళ్తుంది. వెడల్పు పెరగడం వల్ల మలుపుల్లో కాస్త స్థిరంగా కూడా ఉంటుంది. అదే ఎత్తు మాత్రమే పెంచిన బండిలో పల్టీ కొట్టే ప్రమాదం పెరుగుతుంది. ఇది ఈ సెటప్‌కు నిజమైన ప్లస్.

మైనస్‌లు కూడా తక్కువేం కాదు. చాలా కిట్లలో రబ్బరు బుష్, బాల్ జాయింట్ల బదులు యూనిబాల్ అనే ఇనుప గుండు జాయింట్ ఉంటుంది. చాలా గట్టిది, ఎక్కువ కోణం తిరుగుతుంది. కానీ దానికి స్టాక్ బాల్ జాయింట్‌లా గ్రీజు నింపి మూసేసిన రబ్బరు తొడుగు ఉండదు. వాన నీళ్లు, ఇసుక, ఉప్పు నేరుగా లోపలికి. కొన్నాళ్లకు టక్ టక్ మని మోగుతుంది, లూజ్ వస్తుంది, మార్చాలి. ఎండ రాష్ట్రమైన ఆరిజోనాలో బాగా నిలిచేది, మంచు కురిసే మిషిగన్‌లో త్వరగా పోతుంది. కొన్ని కిట్లలో ఛాసిస్ వైపు యూరిథేన్ బుష్ ఇస్తారు. రోజూ నడిపేవాళ్లకు అది నయం, కాకపోతే అప్పుడప్పుడు గ్రీజు కొట్టకపోతే పాత తలుపులా కిర్రుమంటుంది. షాక్‌లను కూడా మధ్యమధ్యలో విప్పి సీల్స్, ఆయిల్ మార్చాలి. ఆ రోజుల్లో బండి ఉండదు.

వెడల్పు గురించి చెప్పుకుందాం అన్నాం కదా. స్టాక్ టకోమా దాదాపు 75 అంగుళాల వెడల్పు. దానికి 7 కలపండి. టైర్లు బాడీ బయటకు పొడుచుకొస్తాయి, కాబట్టి ముందు ఉబ్బెత్తు ఫైబర్‌గ్లాస్ మడ్‌గార్డులు వేయాలి. అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో, కార్ వాష్ పట్టాల మీద, డ్రైవ్ త్రూ మలుపులో ప్రతి అంగుళమూ గుర్తొస్తుంది. ఫస్ట్ జనరేషన్ రాప్టర్ వెడల్పు 86 అంగుళాలు. దాని గ్రిల్ మీద మూడు కాషాయం రంగు లైట్లు చూసి స్టైల్ అనుకుంటారు చాలామంది. అమెరికా నిబంధనల ప్రకారం 80 అంగుళాలు, ఆ పైన వెడల్పున్న ట్రక్కులకు ఆ లైట్లు ఉండాలి, అందుకే పెట్టారు. తర్వాత అదే ఫ్యాషన్ అయిపోయి సన్న బండ్లకూ ఎక్కింది.

టర్నింగ్ కూడా తగ్గొచ్చు. పెద్ద టైర్లు వేస్తారు కాబట్టి మైలేజీ పడుతుంది. ఖర్చు సంగతికొస్తే ముందు కిట్, షాక్‌లు, యాక్సిళ్లు, వెనక కమాన్‌లు, మడ్‌గార్డులు, లేబర్ అన్నీ కలిపితే పది వేల డాలర్లు దాటడం పెద్ద విశేషం కాదు. నెలకోసారి కచ్చా రోడ్డు మీద క్యాంపింగ్‌కు వెళ్లే కుటుంబానికి ఇంత అవసరం లేదు. స్టాక్ లోయర్ ఆర్మ్‌లు అలాగే ఉంచి మంచి రెండున్నర అంగుళాల కాయిలోవర్లు, మెరుగైన అప్పర్ ఆర్మ్‌లు, కొత్త కమాన్‌లు వేస్తే చాలు. మిడ్ ట్రావెల్ అంటారు. స్టాక్ కంటే ఒకటి రెండు అంగుళాల ట్రావెల్ పెరుగుతుంది. వెడల్పు మారదు, మడ్‌గార్డులు మారవు, సోమవారం గొడవ లేదు. నిజం చెప్పాలంటే లాంగ్ ట్రావెల్ వేయించినవాళ్లలో చాలామందికి ఇదే సరిపోయేది.

చట్టం ఏమంటోంది?

అమెరికాలో రాష్ట్రాన్ని బట్టి రూల్ మారుతుంది. కాలిఫోర్నియాలో మొత్తం బరువు పరిమితి 4,501 నుంచి 7,500 పౌండ్ల మధ్య ఉండే ట్రక్కుకు ఛాసిస్ నేల నుంచి 30 అంగుళాల ఎత్తు దాటకూడదు. లాంగ్ ట్రావెల్ బండ్లు సాధారణంగా మరీ ఎత్తుగా ఉండవు కాబట్టి దీనితో పెద్ద ఇబ్బంది రాదు. టైర్లను మడ్‌గార్డులు కప్పకపోవడమే ఎక్కువగా పట్టిస్తుంది. వారంటీ మీద 1975 నాటి మాగ్నసన్ మాస్ చట్టం ఉంది. బయటి పార్టు పెట్టినంత మాత్రాన డీలర్ మొత్తం వారంటీ ఎత్తేయడానికి వీల్లేదు. ఆ పార్టు వల్లే పాడైందని చూపించాలి. సస్పెన్షన్ మార్చిన బండిలో స్టీరియో పాడైతే వారంటీ అడగొచ్చు. ముందు వీల్ బేరింగ్ పోతే మాత్రం వాదన గెలవడం కష్టం. ఇన్సూరెన్స్ కంపెనీకి మార్పులు ముందే చెప్పాలి. ప్రమాదం జరిగాక చెప్తే లాభం లేదు.

మన దగ్గర పరిస్థితి పూర్తిగా వేరు. ఇలాంటి నిర్మాణమే, అంటే ముందు డబుల్ విష్‌బోన్, వెనక కమాన్‌లు ఉన్న ఇసుజు వి-క్రాస్ ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీసిటీ ప్లాంట్‌లోనే తయారవుతోంది. టయోటా హైలక్స్ 2022లో ఇక్కడికి వచ్చింది. వీడియోలు చూసి వీటికీ అలాగే చేయించాలని ఉబలాటపడేవాళ్లు ఉన్నారు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం తయారీదారు ఇచ్చిన అసలు వివరాలకూ, ఆర్‌సీలో ఉన్నదానికీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఇదే మాటను గట్టిగా చెప్పింది. సెక్షన్ 182ఏ కింద ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. వెడల్పు 7 అంగుళాలు పెరిగిన బండిని రోడ్డు మీద దాచడం కుదరదు. ఇక్కడ షాక్‌లు మార్చాలన్నా కంపెనీ ఒప్పుకున్న పార్టులకే పరిమితమై, ముందుగా రవాణా శాఖ ఆఫీసులో అడిగి ముందుకెళ్లాలి.

సెకండ్ హ్యాండ్‌లో కొంటున్నారా?

అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఎక్కువగా ఎదురయ్యే సందర్భం ఇదే. కిట్ వేసిన టకోమా అమ్మకానికి కనిపిస్తుంది. ఫొటోలు అదిరిపోతాయి. పెట్టిన ఖర్చులో సగం కూడా రావడం లేదని ఓనర్ వాపోతాడు. బేరం బాగుందనిపిస్తుంది.

డబ్బు ఇచ్చేముందు బండిని లిఫ్ట్ మీద ఎక్కించి చూడాలి. చక్రాలు వేలాడుతున్నప్పుడు లిమిట్ స్ట్రాప్ బిగిసి ఉందా, లేక షాకే బరువు మోస్తోందా? అసలు స్ట్రాపే లేకపోతే అక్కడే సగం కథ అర్థమైపోతుంది. టైరును పైనా కిందా పట్టుకుని ఊపితే ఆడుతోందా? ఆర్మ్ వెల్డింగ్ దగ్గర, ఛాసిస్‌కు బిగించిన చోట సన్న పగులు గీతలు ఉన్నాయా? పగులు మీద కొత్తగా నల్ల పెయింట్ కొట్టి ఉంటే ఇంకా అనుమానించాలి. టై రాడ్ లాక్ నట్ల మీద పెయింట్ మార్కు ఉంటే పాత ఓనర్ అప్పుడప్పుడు చెక్ చేశాడని అర్థం. డ్యాష్‌బోర్డు మీద ఏబీఎస్, స్టెబిలిటీ కంట్రోల్ లైట్లు వెలిగి ఆరిపోతున్నాయో, అసలు వెలగనే వెలగడం లేదో చూడాలి. ఎగుడుదిగుడు రోడ్డు మీద ఒక రౌండ్, చేయి తేలిగ్గా పెట్టి ఫ్రీవే మీద ఒక రౌండ్ తప్పకుండా నడపాలి.

కొత్తగా బిగించుకున్నా, వాడినది కొన్నా మొదటి వంద మైళ్లు తిరిగాక ప్రతి బోల్టునూ మళ్లీ టార్క్ రెంచ్‌తో చూడాలి. ఆ తర్వాత ప్రతి ఎడారి ట్రిప్ నుంచి తిరిగొచ్చిన సాయంత్రం ఇంకోసారి. అరగంట పని. ఆదివారం రాత్రే అయిపోవాలి.